ఎనిమిదో చెయ్యి

మా ఇంట్లో పేకముక్క కనిపించకూడదు. ఇది మా అమ్మ పెట్టిన కట్టుబాటు. కోలారు దగ్గరి మా పల్లెలో మా నాన్న మూడు ముక్కలాటలో రెండెకరాల మడి పోగొట్టిన నాటినుంచి ఆమె పోయేదాకా ఆ మాట చెల్లింది. తర్వాత నేనూ చెల్లించాను. పెళ్ళిళ్ళలో విడిదింట్లో అందరూ రమ్మీకి కూర్చుంటే నేను అరుగుమీద పేపరు చదువుకునేవాణ్ణి. ముప్పై ఏళ్ళు లెక్కల మాస్టారుగా పనిచేశాను. సంభావ్యత పాఠంలో పేకముక్కల లెక్కలు వస్తే వాటిని గోళీల లెక్కలుగా మార్చి చెప్పేవాణ్ణి.

అలాంటి నేను 2014 డిసెంబరులో, అరవై ఎనిమిదో ఏట, బెంగుళూరులో ఒక దుకాణం మేడమీద ఏడుగురు కుర్రాళ్ళ మధ్య కూర్చుని ముక్కలు పట్టాను. ఎలాగో చెబుతాను.

మా ఆవిడ పోయాక కొడుకు దగ్గరికి వచ్చేశాను. మనవడికి అప్పుడు పదమూడేళ్ళు. బడిలో ఇంగ్లీషు, వీధిలో కన్నడం. నాతో తెలుగు "ఊఁ", "సరే తాతా" దగ్గరే ఆగిపోయేది. ఒకరోజు కోడలు నా దగ్గరికి వచ్చి, "మామయ్యా, వీడు చేతి డబ్బంతా ముక్కల పొట్లాలకే తగలేస్తున్నాడు. ఇది జూదమో కాదో మీరే చూసి చెప్పండి" అంది. ఆ మాట వినగానే నాకు కడుపులో ఏదో తిప్పినట్టయింది. వాడికి మా నాన్న కథ తెలియదు. మేమెవరం చెప్పలేదు.

కోప్పడకుండా, "ఆ ఆట నాకూ నేర్పరా" అన్నాను. వాడు నమ్మలేనట్టు చూశాడు.

ఆట పేరు మ్యాజిక్: ది గ్యాదరింగ్. 1993లో అమెరికాలో వచ్చింది. దాన్ని కనిపెట్టిన రిచర్డ్ గార్ఫీల్డ్ లెక్కల్లో డాక్టరేటు చేసినవాడని తెలిసి కొంచెం మెత్తబడ్డాను. ఇద్దరు ఆడతారు. ఒక్కొక్కరికి ఇరవై ప్రాణాలు. జంతువులు, మంత్రాలు ముక్కలమీద ఉంటాయి. ఎదుటివాడి ప్రాణాలు సున్నాకి తేవాలి. అయితే ఏ ముక్క దించాలన్నా శక్తి కావాలి, శక్తి ముఖ్యంగా భూమి ముక్కలనుంచి వస్తుంది. వంతుకు ఒక్క భూమే వెయ్యాలి. రంగులు అయిదు: తెలుపు, నీలం, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ. ఒక్కో రంగుకు ఒక్కో రకం భూమి.

ఆ భూముల పేర్ల దగ్గరే మా తెలుగు మొదలైంది. "ఇది అడవి, ఇది కొండ, ఇది దీవి" అని గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. నల్ల భూమి దగ్గర ఆగిపోయి, "తాతా, నీళ్ళు, బురద, కాలు పెడితే దిగిపోతుందే, దాన్నేమంటారు?" అన్నాడు. "చిత్తడి నేల. కాలు దిగిపోతే ఊబి" అన్నాను. తెల్ల భూమికి "మైదానం" చెప్పాను. ఆ వారం రోజుల్లో ముక్కలమీది సన్న అక్షరాలు నాకు కనబడక వాడే చదివి తెలుగులో చెప్పాల్సి వచ్చేది. ఏడాదిలో మాట్లాడనంత తెలుగు ఏడు రోజుల్లో మాట్లాడాడు.

ఆదివారం వాడివెంట దుకాణానికి వెళ్ళాను. ఆ రోజు డ్రాఫ్టు ఆట. దానికి ఎనిమిదిమంది కావాలి, ఏడుగురే వచ్చారు. అందరూ నావైపు చూశారు.

డ్రాఫ్టు అంటే ఇంటినుంచి కట్ట తెచ్చుకోకుండా అక్కడికక్కడే తయారుచేసుకోవడం. ఒక్కొక్కరికి మూడు మూసిన పొట్లాలు, అప్పట్లో పొట్లానికి 15 ముక్కలు. పొట్లం విప్పి ఒకటి ఉంచుకుని మిగతావి ఎడమపక్కవాడికి అందించాలి. కుడిపక్కవాడు ఇచ్చినదాంట్లోంచి మళ్ళీ ఒకటి. రెండో పొట్లం కుడికి తిరుగుతుంది, మూడోది మళ్ళీ ఎడమకు. చివరికి 45 ముక్కలు చేతికొస్తాయి. వాటిలోంచి, దుకాణంవాళ్ళిచ్చే మామూలు భూములు కలుపుకుని, 40 ముక్కల కట్ట కట్టాలి.

ఆనాటి పొట్లాలు ఖాన్స్ ఆఫ్ టార్కిర్ అనే వరసవి, అదే ఏడు వచ్చాయి. అందులో అయిదు తెగలు, ఒక్కో తెగకు మూడేసి రంగులు. మా వాడు ముందే రెండు మాటలు చెప్పాడు. "రెండు రంగులిచ్చే జంట భూములు వదలొద్దు తాతా. మూడు రంగుల ముక్కలకు తొందరపడొద్దు, అవి అందరికీ పనికిరావు, ఆలస్యంగానైనా వస్తాయి."

నా మొదటి పొట్లంలో సీజ్ రైనో అనే ఖడ్గమృగం వచ్చింది. తెలుపు, నలుపు, ఆకుపచ్చ మూడూ కావాలి దానికి. దిగగానే ఎదుటివాడికి మూడు ప్రాణాలు తగ్గి మనకు మూడు పెరుగుతాయి. తొందరపడొద్దన్న మాట పక్కనపెట్టి దాన్నే తీసుకున్నాను. అదే పొట్లంలో ఆబ్జాన్ గైడ్ అనే ఇంకో మూడు రంగుల ముక్క ఉంది, వదలక తప్పలేదు. ఎనిమిదిమంది చేతులు తిరిగి ఆ పొట్లం ఏడు ముక్కలతో నా దగ్గరికి మళ్ళీ వస్తే, ఆ గైడు ఇంకా అక్కడే ఉంది. మనవడి మాట నిజమే.

రెండో పొట్లంలో వచ్చింది ఆష్‌క్లౌడ్ ఫీనిక్స్, ఎర్రటి నిప్పుపక్షి. బహు అరుదైనదట, పక్కవాడు చూసి గుటక వేశాడు. దానికి రెండు ఎరుపులు కావాలి. నా కట్టలో ఎరుపు లేదు. అయినా తీసుకున్నాను. తీసుకున్నాక కట్టలో పెట్టకుండా ఉండలేకపోయాను. పద్దెనిమిది భూముల్లో రెండు కొండలు ఇరికించాను.

మొదటి ఆటలో ఆ పక్షి మొదటి చేతిలోనే వచ్చింది. ఒక కొండా వచ్చింది. ఇక రెండో కొండకోసం ఎదురుచూడటమే నా ఆట అయిపోయింది. ప్రతి వంతుకూ "ఈసారి వస్తుంది" అనుకుంటూ ముక్క తీయడం, రాకపోవడం. ప్రాణాలు ఇరవైనుంచి పద్నాలుగు, తొమ్మిది, మూడు. అప్పుడు ఒక్కసారిగా మా నాన్న గుర్తొచ్చాడు. గుడి వెనక లాంతరు కింద ఆయనా ఇలాగే అనుకుని ఉంటాడు. ఆయనమీద నాకు ఏనాడూ జాలి కలగలేదు. ఆ రోజు కలిగింది.

ఓడిపోయి కాగితం తీసుకుని లెక్క వేశాను. నలభై ముక్కల్లో రెండే కొండలుంటే, పది ముక్కలు చేతికి వచ్చేసరికి ఆ రెండూ ఉండే అవకాశం నూటికి ఆరు. పిల్లలకు పాఠం చెప్పినవాణ్ణి నేనే!

పక్షిని తీసి మనవడి చేతిలో పెట్టాను. కొండలు తీసేసి ఒక మైదానం, ఒక చిత్తడి నేల చేర్చాను. అయిదు జంట భూములతో కలిపి ఆకుపచ్చకు పది భూములు, తెలుపుకు ఎనిమిది, నలుపుకు అయిదు అయ్యాయి. పది ముక్కల్లో నలుపు ఒక్కటైనా దొరికే అవకాశం నూటికి 78. జంట భూములు లేకుండా నలుపుకు మూడే పెట్టి ఉంటే అది 59కి పడిపోయేది. రంగులు పెంచుకోవడానికి వెల ఇదన్నమాట. అయితే జంట భూమికీ ఒక లోపముంది: వేసిన వంతులో అది పనిచెయ్యదు.

రెండో ఆటలో రైనో నాలుగో వంతుకే దిగింది, గెలిచాను. మూడో ఆట మనవడితో. వాడివి తెలుపు, ఎరుపు రెండే రంగులు, అన్నీ చవక ముక్కలు. నా జంట భూములు నిద్రలేచేలోగా నా పని అయిపోయింది. "మూడు రంగులకు టైము పడుతుంది తాతా, ఆ టైము నేనివ్వలేదు" అని నవ్వాడు.

ఆ రాత్రి కోడలికి నిజమే చెప్పాను. ఆట జూదం కాదు, బుద్ధితో ఆడేదే. 1993లో మొదట్లో ముక్కను పందెం పెట్టే పద్ధతి ఉండేది, తర్వాత మానేశారు. కానీ మూసిన పొట్లం విప్పడంలో మాత్రం ఆ పాత ఆశ ఉంది. అరుదైన ముక్క దొరికితే దాన్ని అమ్ముకోవచ్చు, అందుకే ఇంకోటి, ఇంకోటి అనిపిస్తుంది. అందుచేత నెలకొక డ్రాఫ్టు, విడిగా పొట్లాలు కొనడం లేదు. మనవడు గొణిగాడు. అప్పుడు వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని రెండెకరాల మడి కథ మొదటిసారి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "ముత్తాతకు ఎవరైనా లెక్క చెప్పి ఉంటే?" అన్నాడు. "మా అమ్మ చెప్పింది. ఆయన వినలేదు" అన్నాను. నెలకొకటి నియమం వాడు మళ్ళీ అడగలేదు.

మన పిల్లలు ఏదో ఆటలో మునిగిపోతే మనం దూరంనుంచే మంచిదనో చెడ్డదనో తీర్పు చెబుతాం. ఒక్క పూట పక్కన కూర్చుని చూడండి. చెడ్డ ఉంటే అది ఎక్కడుందో కచ్చితంగా తెలుస్తుంది. ఆ మాటా ఈ మాటా కలిసి భాష కూడా కాస్త మిగులుతుంది.

మనవడిప్పుడు పుణెలో ఉద్యోగం చేస్తున్నాడు. 2025లో అదే టార్కిర్ లోకంతో కొత్త వరస వచ్చిందని ఆ వేసవిలో పొట్లాలు తెచ్చాడు. 2024నుంచి పొట్లానికి పద్నాలుగు ముక్కలేనట. హాలులో చాపవేసి కూర్చున్నాం. కోడలు కూడా మూడో చెయ్యిగా కూర్చుని, ఒక ముక్క నాకు చూపించి, "మామయ్యా, దీన్ని తెలుగులో ఏమంటారు?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోగా మనవడే చెప్పాడు, "చిత్తడి నేల అమ్మా. కాలు దిగితే ఊబి."