నక్కలు తిరిగొచ్చిన దీవి

కాలిఫోర్నియాలోని వెంచురా రేవులో పడవెక్కితే దాదాపు గంటలో శాంటా క్రూజ్ దీవి. లాంగ్ వీకెండ్ దొరికితే యోసెమిటీకో లాస్ వేగాస్‌కో కారు తీసే మన తెలుగువాళ్లలో ఇటు వచ్చేవాళ్లు నాకు పెద్దగా తగల్లేదు. హోటల్ లేదు, కొట్టు లేదు. అదే కారణం కావచ్చు. తిండీ గుడారమూ వీపున మోసుకెళ్లాల్సిందే.

దారిలో డాల్ఫిన్లు ఎదురొస్తాయి, ఒక్కోసారి వందల్లో. ఈ దీవి మూలవాసులైన చూమాష్‌ల కథ ప్రకారం అవి వాళ్ల చుట్టాలే. దీవిలో జనం పెరిగిపోతే భూమాత హుటాష్ అవతలి తీరానికి ఇంద్రధనుస్సును వంతెనగా వేసిందట. దాటుతూ కిందికి చూసి, కళ్లు తిరిగి పడ్డవాళ్లు మునిగిపోకుండా వాళ్లను డాల్ఫిన్లుగా మార్చేసిందట.

దీవి దగ్గరయ్యేకొద్దీ నిలువు చరియలు పైపైకి లేస్తాయి. అగ్నిపర్వతాలు పోసిన ఆ రాతిని అలలు తొలిచి తొలిచి గుహలు చేశాయి. వాయవ్య తీరంలో ఉన్న పెయింటెడ్ కేవ్ పొడవు సుమారు 370 మీటర్లు. ప్రపంచంలోని అతి పెద్ద సముద్ర గుహల్లో అదొకటి. నీళ్ల మీదుగానే వెళ్లాలి. నాచు, లైకెన్లు, ఖనిజాలు కలిసి గోడలకు ఆకుపచ్చా పసుపూ ఇటుకరంగూ పూశాయి. ఇంకాస్త లోపలికి వెళ్తే రంగులన్నీ ఆరిపోతాయి. ఆ చీకట్లో సీ లయన్ల అరుపు ఏ మూల నుంచి వస్తోందో అంతుబట్టదు. వానలు బాగా పడిన ఏడాది, వసంతంలో గుహ నోటి మీదుగా జలపాతం దూకుతుంది.

అయినా నన్నడిగితే దీవిలో అసలు వింత గుహ కాదు, స్కార్పియన్ క్యాంపులో పట్టపగలే మన భోజనాల బల్ల కింద తిరిగే నక్క. ఇంటి పిల్లి కంటే పెద్దదేం కాదు, రెండు కిలోలు తూగితే గొప్ప. వీపు బూడిదరంగు, మెడ పక్కలు ఇటుకరంగు, తోక మీద నల్లచార. మన కాళ్ల దగ్గర ఆగి, ముక్కెగరేసి వాసన చూసి, తన దారిన తాను పోతుంది. ఈ దీవిలో, ఈ తీరంలోని మరికొన్ని దీవుల్లో తప్ప లోకంలో మరెక్కడా లేని జాతి ఇది. మంచుయుగంలో ఇక్కడికి చేరిన మామత్‌లూ ఈ నక్కలాగే తరతరాలుగా పొట్టివైపోయాయి. పొరుగునున్న శాంటా రోసా దీవిలో 1994లో వాటి అస్థిపంజరం ఒకటి దాదాపు పూర్తిగా దొరికింది. తమాషా ఏమిటంటే, శాంటా క్రూజ్‌లో మాత్రమే బతికే నీలి స్క్రబ్ జే పిట్ట తీరంలోని తన చుట్టాల కంటే పెద్దది.

ఈ నక్కలు 2000 నాటికి ఇక్కడ వందకు లోపు మిగిలాయి. లాస్ ఏంజెలెస్ దగ్గర ఏళ్ల తరబడి సముద్రంలో కలిసిన డీడీటీ చేపల్లో చేరింది. ఆ చేపలు తిన్న తెల్లతల గద్దల గుడ్ల పెంకులు పలచబడి పొదిగేటప్పుడే పగిలాయి. కాపలా కాసే గద్దలు పోయేసరికి బంగారు గద్దలు వచ్చిపడ్డాయి. మనుషులు తెచ్చి వదిలిన పందుల పిల్లలు వాటికి మేత. ఆ మేత మరిగిన గద్దలకు నక్కలూ చిక్కాయి. తలెత్తి ఆకాశం వైపు చూసే అలవాటే లేని జంతువు అది.

2002 నుంచి నక్కలను బోనుల్లో పెంచి వదిలారు. బంగారు గద్దలను ప్రాణాలతో పట్టి తీరానికి చేర్చారు, తెల్లతల గద్దలను తిరిగి తెచ్చారు. అయిదు వేలకు పైగా పందులను చంపారు కూడా. ఆ చివరి పని చాలామందికి మింగుడు పడలేదు. నాకూ సులువుగా పడదు గానీ, అది లేకుండా నక్క మిగిలే దారి కనబడదు. 2016లో ఈ నక్కలను అంతరించిపోతున్న జంతువుల జాబితా నుంచి తీసేశారు. అమెరికాలో ఏ క్షీరదమూ ఇంత త్వరగా ఆ జాబితా దాటలేదు.

వెళ్లేవాళ్లకు రెండు మాటలు. ఇక్కడి బొంత కాకులు బ్యాగు జిప్పులు తీయడంలో ఆరితేరాయి, జిప్పులకు క్లిప్పులు తగిలించుకోండి. తిండి అక్కడున్న ఇనుప పెట్టెల్లోనే దాచండి, చెత్త వెనక్కి తెచ్చేయండి. నక్క ఎంత ముద్దుగా చూసినా ఒక్క చిప్స్ ముక్క కూడా వేయకండి.