మానవశాస్త్ర ప్రదర్శన – ఒక విల్లు, ఒక దారి

గొలుగొండ అనగానే మా కళాశాలలోని ఉర్దూ విద్యార్థులలో పలువురికి కుతుబ్‌షాహీల గోల్కొండ స్ఫురించడం సహజం. మేము ప్రస్తావించబోయేది ఆ కోటను కాదు. నర్సీపట్నానికి చేరువలో, తూర్పు కనుమల పాదాల చెంత ఉన్న గొలుగొండ ఇది. పూర్వం విశాఖపట్నం జిల్లాలోను, 2022 నుండి అనకాపల్లి జిల్లాలోను ఉన్న ఈ మండలంలోనే కృష్ణదేవిపేట ఉన్నది. అల్లూరి సీతారామరాజు సమాధి అక్కడే ఉన్నది. మైదానపు వరిచేలు ముగిసి కొండల మొదలయ్యే అంచు అది. వచ్చే విద్యా సంవత్సరంలో కళాశాలలో ఒక గదిని తీసుకొని, ఆ అంచున నివసించే ప్రజల జీవితాన్ని తెలిపే చిన్న మానవశాస్త్ర ప్రదర్శనను ఏర్పాటు చేయాలని కొందరు విద్యార్థులు మమ్మల్ని కోరినారు. కళాశాల సంఘం పెద్దలు కూడా సుముఖంగా ఉన్నారని తెలిసి సంతోషించినాము. అట్టి ప్రదర్శనకు పథకం ఏ విధంగా రచించవలెనో మాకు తోచినంత వరకు ఇక్కడ వివరిస్తున్నాము.

ముందుగా మా అనుభవం ఒకటి. మా తాతగారు దూది ఏకి జీవించినారు. నూర్‌బాషా, దూదేకుల అని పిలువబడే మా వారి ఇళ్లలో మనిషెత్తు విల్లు ఒకటి దూలానికి వేలాడుతూ ఉండేది. కొయ్య గుండుతో దాని నారిని కొట్టినప్పుడు ముద్దగా ఉన్న దూది విచ్చుకొని పొగమంచువలె లేచేది. ఆ మ్రోతకే వీధిలోని పిల్లలందరూ వాకిట్లో పోగయ్యేవారు. ఎం.ఏ. చదివే రోజుల్లో ఒక మ్యూజియంలో – దాని పేరు ఇక్కడ అనవసరం – గిరిజనుల విల్లమ్ముల వరుసలో అటువంటి విల్లే మా కంటబడినది. క్రింద చీటీ మీద ‘వేట విల్లు’ అని వ్రాసి ఉన్నది. కొయ్య గుండు మాత్రం లేదు. మొదట మేము నవ్వుకున్నాము. గది దాటేలోగా ఆ నవ్వు పోయినది. ఎన్నో ఊళ్ల పెళ్లి పరుపులను నింపిన ఆ పనిముట్టు ఒక్క కుందేలునైనా కొట్టి ఎరుగదు.

ఆ పొరపాటు చీటీ వ్రాసిన వానిది మాత్రమే కాదు. పక్కన ఏముంచినామో అదే చీటీకంటె గట్టిగా మాట్లాడుతుంది. విల్లును విల్లుల మధ్య ఉంచితే వేట అవుతుంది. గుండుతో, దూదితో కలిపి ఉంచితే వృత్తి అవుతుంది. మానవశాస్త్ర ప్రదర్శనకు పథకం రచించడమంటే అద్దాల బీరువాల లెక్క వేసుకోవడం కాదు, ఏ వస్తువు ఏ వస్తువు సరసన నిలవాలో ముందుగా నిశ్చయించుకోవడం.

ఈ విషయంపై పండితుల నడుమ పెద్ద వాదమే జరిగినది. 1884లో ఆక్స్‌ఫర్డ్‌లో స్థాపితమైన పిట్ రివర్స్ మ్యూజియంలో వస్తువులను వాటి రకాన్ని బట్టి అమర్చినారు. ఏ దేశానిదైనా తాళం తాళాల సరసన, బుట్ట బుట్టల సరసన ఉంటుంది. అమెరికా జాతీయ మ్యూజియంలో ఓటిస్ మేసన్ కూడా ఇంచుమించు ఇదే పద్ధతిని అవలంబించినారు. 1887లో ఫ్రాంజ్ బోయాస్ అనే యువ శాస్త్రజ్ఞుడు దానిని గట్టిగా ఆక్షేపించినాడు. ఆయన చూపిన ఉదాహరణలలో గిలక ఒకటి. చప్పుడు చేయాలనే కోరికతోనే మనిషి గిలకను తయారుచేస్తాడని అనుకోరాదు. ఒకచోట అది మతకర్మకు పనికివచ్చే సాధనం కావచ్చు. రూపం ఒకటే అయినంత మాత్రాన కారణం ఒకటి కాజాలదు గనుక ఒక జాతి వస్తువులన్నిటినీ ఒకచోటనే ఉంచి చూపవలెనని ఆయన వాదం. మా తాతగారి విల్లును తలచుకొన్నప్పుడెల్లా మేము బోయాస్ పక్షానే నిలుస్తాము. అయితే ఆక్స్‌ఫర్డ్ పద్ధతిని పూర్తిగా త్రోసిపుచ్చనక్కరలేదు. ఒకే అవసరానికి మానవజాతి ఎన్ని ఉపాయాలు పన్నినదో చూచి ఆనందించడానికి దానికి మించినది లేదు.

మన దక్షిణాదిలో ఈ శాస్త్రానికి పునాది వేసినవారిలో ఎడ్గర్ థర్‌స్టన్ ఒకరు. 1885 నుండి మద్రాసు మ్యూజియానికి అధికారిగా ఉండి, కె. రంగాచారి సహాయంతో 1909లో దక్షిణ భారత కులాలు, తెగలపై ఏడు సంపుటాలను వెలువరించినారు. విశాఖ మన్యపు గదబలతోబాటు మా దూదేకులవారు కూడా అందులో ఉన్నారు. ఆయన శ్రమ అపారం. కాని మనుషుల తలలను, ముక్కులను కొలిచి జాతులను నిర్ణయించవచ్చునన్న ఆనాటి నమ్మకం ఆ పుటలలో అంతటా కనబడుతుంది. అంతకు దాదాపు తొమ్మిది వందల సంవత్సరాలకు పూర్వమే, సుమారు 1030లో, అల్ బెరూనీ ‘కితాబుల్ హింద్’ రచిస్తూ, హిందువులు చెప్పుకొనే విషయాలను వారు చెప్పుకొన్న విధంగానే ముందుంచుతానని, ఖండన తన ఉద్దేశం కాదని పీఠికలోనే తెలిపినాడు. అందుకోసం సంస్కృతం నేర్చినాడు. చీటీలు వ్రాయబోయే మన విద్యార్థులకు కొలబద్దకంటె ఆ పీఠిక ఎక్కువ ఉపకరిస్తుంది.

ఇక గొలుగొండకు వద్దాము. ఈ ప్రదర్శనకు ద్వారం వద్ద ఏమి పెట్టవలెనని అడిగితే విద్యార్థులందరూ ఏకకంఠంతో ‘విల్లమ్ములు’ అన్నారు. విగ్రహాలలోను, చలనచిత్రాలలోను విల్లు చేతబట్టిన సీతారామరాజునే చూచిన కళ్లకు అట్లు తోచడంలో ఆశ్చర్యం లేదు. కాని 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై దాడి చేసినప్పుడు ఆయన దళం తీసుకొనిపోయినది తుపాకులను – మూడు ఠాణాలలో కలిపి 26. ఏమేమి తీసుకొన్నదీ అక్కడే వ్రాసిపెట్టి మరీ వెళ్లినాడు. ఆ పోరాటానికి కారణం విల్లు కాదు, తుపాకీ కూడా కాదు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం తరువాత పోడు వ్యవసాయానికి, అడవి ఫలసాయానికి వచ్చిన అడ్డంకులు ఒక కారణం. నర్సీపట్నం నుండి చింతపల్లి వైపు వేసిన కొండదారిలో న్యాయమైన కూలి ఇవ్వక మన్యంవారి చేత చేయించిన చాకిరీ మరొకటి. 1839 నుండి 1924 వరకు గూడెం, రంప కొండలలో తిరుగుబాట్లు మరల మరల తలయెత్తినవి. ద్వారం వద్ద ఒక్క విల్లునే వ్రేలాడదీస్తే చూపరి ‘వీరు వేటగాండ్రు, వీరులు’ అని తలచి ముందుకు సాగిపోతాడు. పోడుగొడ్డలి, విత్తనపు చోళ్లు నింపిన ఆనపకాయ బుర్ర, ఆ పక్కనే అటవీ చట్టం తేదీ ఉంచితే మాత్రం అతడు ఒక నిమిషమైనా ఆగుతాడు. విల్లు ఉండవలసినదే, కాని గది లోపల, తన పనుల మధ్య ఉండవలెను.

మా పథకానికి ఆధారం ఆ కొండదారియే. నర్సీపట్నం మైదానం ఒక కొసన, గూడెం కొండలు మరొక కొసన ఉండేటట్లు పొడవాటి గోడను ఎంచుకోవలెను. నడుమ సంత. కొండమీది నుండి పసుపు, చింతపండు, పిప్పళ్లు, తేనె, అడ్డాకులు దిగుతాయి. క్రింది నుండి ఉప్పు, ఎండుచేపలు, బట్టలు ఎక్కుతాయి. కొలిచే కుంచం, అడ్డ, తవ్వ సంతలోనే ఉంటాయి గనుక, కొలతలో జరిగే మోసం కథ కూడా అక్కడనే చెప్పవచ్చును. బగతలు, కొండదొరలు, వాల్మీకులు, కొండకమ్మరులు – ఒక్కొక్క తెగకు ఒక్కొక్క బీరువా కేటాయించి వారిని విడదీసే ప్రదర్శనలో ఈ రాకపోకలు కనిపించవు. సంతలో అవి వాటంతట అవే కనిపిస్తాయి.

ఇక్కడనే మన కళాశాలకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఎదురైనది. తెలుగు చదువరి చూపు ఎడమ నుండి కుడికి నడుస్తుంది. ఉర్దూ చదువరి చూపు కుడి నుండి ఎడమకు. గోడపై వరుసగా కథ చెప్పినప్పుడు ఒకరికి మొదలైనది మరొకరికి ముగింపు అవుతుంది. చాలాకాలం దీనిని దోషమనుకొని తలపట్టుకొన్నాము. తరువాత అదే మాకు మార్గం చూపినది. మైదానం ఎడమన, కొండలు కుడిన ఉంచితే తెలుగు చదువరి వర్తకునివలె, అధికారివలె క్రింది నుండి పైకి వెళతాడు. ఉర్దూ చదువరి నెత్తిన గంపతో సంతకు దిగే బగత స్త్రీవలె పైనుండి క్రిందికి వస్తాడు. ఇందుకుగాను ప్రతి చీటీ ముందటి చీటీతో పని లేకుండా దానంతట అదే అర్థం కావలెను; యాభై, అరవై మాటలకు మించరాదు. నస్తాలీఖ్ లిపి ఏటవాలుగా దిగుతుంది గనుక ఉర్దూ పంక్తికి ఎక్కువ ఎత్తు వదలవలెను. నడిమి సంత వద్ద ఇరువైపుల వారు గుమిగూడి త్రోసుకుంటారని ఒక విద్యార్థి అభ్యంతరం చెప్పినాడు. సంత అంటే అదే గదా అని మా సమాధానం. అయినా అక్కడ బల్ల ఒకటి తగ్గించి వెడల్పు పెంచినాము.

మిగిలిన ఏర్పాట్లను క్లుప్తంగా చెప్పుకొందాము. ఈకలు, రంగు బట్టలు, వెదురు బుట్టలపై యాభై లక్సులకు మించిన వెలుతురు పడనీయరాదని మ్యూజియంల నియమం. కిటికీకి ఎదురుగోడ పనికిరాదు. పుచ్చు పట్టిన వెదురు గదిలోనికి వస్తే మిగతావన్నీ పాడవుతాయి గనుక ప్రతి వస్తువును కొన్నాళ్లు వేరుగా ఉంచి పరీక్షించవలెను. చీటీలు పెద్దల కంటి ఎత్తుకంటె కొంచెం దిగువన ఉంటే పిల్లలు, కూర్చున్నవారు కూడా చదవగలుగుతారు.

మనుషుల బొమ్మలను పెట్టవలెనా అన్న ప్రశ్న మాత్రం క్లుప్తంగా తేలదు. 1996లో ఏర్పడిన అరకులోయ గిరిజన మ్యూజియంలో నిలువెత్తు బొమ్మలతో మన్యపు జీవనాన్ని కళ్లకు కట్టించినారు. పిల్లలు వాటిని చూచి మురిసిపోతారు. బొమ్మకున్న గుణం అది. బొమ్మకు వయస్సు రాదు, అది బడికి పోదు, ఎన్నికలలో ఓటు వేయదు. అది ఈ పద్ధతికి ఎక్కడైనా తప్పని లోపం. భోపాల్‌లోని ఇందిరాగాంధీ రాష్ట్రీయ మానవ సంగ్రహాలయ వారు శ్యామలా కొండపై సుమారు రెండు వందల ఎకరాలలో మరొక మార్గం పట్టినారు: ఆయా తెగలవారే వచ్చి తమ ఇళ్లను తమ సామగ్రితో అక్కడ కట్టినారు. మన ఒక్క గదిలో ఇల్లు కట్టలేము. కాని సంతకు సంబంధించిన పలకను అక్కడివారి చేతనే అమర్పించవచ్చును.

వస్తువులను సేకరించబోయే వారికి ఒక హెచ్చరిక. గొలుగొండ ప్రాంతంలో ఒక ముసలమ్మ ఇంట ఆనపకాయ బుర్రను అడిగినప్పుడు ఆమె, “ఇది మేం రోజూ నీళ్లు ముంచుకునేదే గదా బాబూ, దీన్ని సూడ్డానికి మనుసులొస్తారా?” అన్నది. రేపు నీళ్లు దేనితో ముంచుకోవాలో ఆమె అడగలేదు, మేము అడగవలసినది. వాడుకలో ఉన్న వస్తువును అరువు తీసుకొని రసీదు ఇవ్వవలెను, లేదా కొత్తది చేయించి వెల చెల్లించవలెను. దేవతకు చెందినదానిని ఇస్తామన్నా తీసుకోరాదు. మన ఇళ్లలోని ఖురాన్ పీటను ఎవరైనా అడిగితే మనం ఏమంటామో తలచుకొంటే చాలును.

ప్రారంభోత్సవానికి వారం ముందు ఆ ఊళ్ల పెద్దలను, స్త్రీలను కళాశాలకు పిలిపించవలెను. బస్సు ఖర్చు, భోజనం ఖర్చు కళాశాల సంఘం వారు మొదటి పద్దులోనే వ్రాసుకోవలసినదిగా ప్రార్థన. వారు చూచి సరిదిద్దేవరకు చీటీలను అచ్చు వేయించరాదు. చేతితో వ్రాసి గుండుసూదులతో గ్రుచ్చి ఉంచవలెను. తాతగారి విల్లును కూడా సంత పక్కన ఉంచుతున్నాము. దాని కొయ్య గుండు మా ఇంట దొరకలేదు. ఎవరి ఇంటనైనా ఉంటే నెలరోజులకు అరువు ఇప్పించగలరు.