లోహబీజము - ఆక్సైడు నానోతీగల పెరుగుదల

రాయచూరు జిల్లాకును బంగారమునకును గల సంబంధము ప్రాచీనమైనది. లింగసుగూరు తాలూకాలోని హట్టి గనులు నేటికిని పనిచేయుచున్నవి. 1915లో మస్కియందలి అశోకుని శాసనమును కనుగొన్న బీడన్ సైతము బంగారమునకై వెదకుచు వచ్చిన గని ఇంజనీరే. తూకమును బట్టి విలువ కట్టబడు ఈ లోహము, త్రాసునకు చిక్కని సూక్ష్మరేణువైనప్పుడు చేయు పని యొకటి కలదు. అది లోహాక్సైడుల నానోతీగలకు బీజమగుట.

మిల్లీమీటరులో పదిలక్షవ వంతు నానోమీటరు. తలవెండ్రుక మందము సుమారు 80,000 నానోమీటర్లు కాగా, ఈ తీగల మందము తరచుగా నూరు నానోమీటర్లకు లోబడియే యుండును. ఇంత సన్నని తీగను సాగదీసి చేయుట దుర్ఘటము, దానిని పెంచవలసినదే.

ఆ మార్గమును 1964లో అమెరికాయందలి బెల్ ప్రయోగశాలలో వాగ్నర్, ఎల్లిస్ అను శాస్త్రజ్ఞులు సిలికానుపై చూపిరి. బంగారము 1064 డిగ్రీల సెంటిగ్రేడు వద్దను, సిలికాను 1414 డిగ్రీల వద్దను కరగును. తగు పాళ్లలో కలిసినచో రెండును సుమారు 363 డిగ్రీలకే ద్రవమగును. ఆ బిందువు చుట్టునున్న బాష్పమునుండి సిలికానును గ్రహించును. ఇముడ్చుకొనగల మేరకు మించినంతనే, చిక్కని చక్కెర పాకమునుండి పటికబెల్లము పేరుకొనునట్లు, బిందువు క్రింద స్ఫటికము పేరుకొనును. స్ఫటికము పెరుగుకొలది బిందువు దాని కొనపై నిలిచి పైకి పోవును.

2001లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయమున పైడాంగ్ యాంగ్ బృందము జింకు ఆక్సైడు తీగల నిట్లే పెంచెను. జింకు ఆక్సైడును గ్రాఫైటుతో కలిపి సుమారు 900 డిగ్రీలకు కాచినప్పుడు, కర్బనము ఆమ్లజనిని లాగికొనగా జింకు ఆవిరియై వెలువడును. నీలమణి ఫలకముపై నున్న బంగారపు పలుచని పొర వేడికి బిందువులుగా విడిపోవును. జింకు వానిలో కరగి, మరల ఆమ్లజనితో కూడి, తీగగా నిలుచును. బంగారము పూసినచోటనే తీగలు మొలచెను. అవి అతినీలలోహిత లేసరు కాంతిని సైతము వెలువరించెను.

బీజము తీగ యొక్క స్థానమును, చాలవరకు మందమును నిర్ణయించును. దిక్కు నిర్ణయించుటలో ఆధార ఫలకముయొక్క స్ఫటికనిర్మాణము ముఖ్యము. బిందువు లొండొంటితో కలిసిపోయినచో తీగలు విషమముగా పెరుగును. బీజము ఎల్లప్పుడును ద్రవమే కానక్కరలేదు; ఘనరేణువు సైతము కొన్ని యెడల ఈ పనిచేయును. బంగారపు పరమాణువులు సిలికాను పరికరములలో చొచ్చినచో వాని విద్యుద్గుణములు చెడును. కావున తగరపు ఆక్సైడునకు తగరపు బిందువే బీజమగునట్టి పద్ధతులును ఏర్పడినవి.

రైతు చల్లిన విత్తు తానే మొక్కగా మారును. ఈ బంగారు బీజమట్లు మారదు; దారి చూపి తాను వేరుగా మిగులును. బీజమను మాట ఇచట సగమే సరిపోవునని గ్రహించినచో, ఈ విధానమంతయు సులభముగా బోధపడును.