పాత బుల్లెట్ క్లచ్: లోపం ఎక్కడుందో పట్టుకోవడం ఎలా?

కాస్ట్ ఐరన్ ఇంజిన్ ఉన్న పాత బుల్లెట్‌లో క్లచ్ మొరాయిస్తే షెడ్డులో తరచూ వినిపించే మాట ఒకటే: ప్లేట్లు పోయాయి, కొత్తవి వేయాలి. చాలాసార్లు ఆ అవసరమే ఉండదు. కేబుల్‌లోనో, సర్దుబాటు స్క్రూలోనో, కేసులో పోసిన ఆయిల్‌లోనో ఉన్న చిన్న లోపం ప్లేట్ల జబ్బులా కనిపిస్తుంది. అందుకే వెతుకులాట హ్యాండిల్ దగ్గర మొదలై, ఒక్కో అడుగూ లోపలికి సాగాలి. ప్లేట్ల వంతు చివర్న రావాలి.

ఇంగ్లండ్‌లోని రెడిచ్‌లో పుట్టిన ఈ బండి 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడ్డాక మద్రాసులో తయారవడం మొదలైంది. 346 సీసీ ఇంజిన్, దాని వెనక విడిగా బిగించిన నాలుగు గేర్ల పెట్టె, ఎడమ పక్క ఆయిల్‌లో తిరిగే ప్రైమరీ చైను, ఆ చైను కేసులోనే క్లచ్. దశాబ్దాల పాటు ఈ అమరిక పెద్దగా మారలేదు. క్లచ్ ప్లేట్లు బండికి ఎడమ పక్క ఉంటాయి, వాటిని విడదీసే మీట మాత్రం కుడి పక్క గేర్‌బాక్స్ మూత లోపల ఉంటుంది. రెండింటి మధ్యా బోలుగా ఉన్న గేర్‌బాక్స్ షాఫ్టులోంచి ఒక స్టీలు రాడ్ వెళుతుంది. లివర్ నొక్కగానే కేబుల్ మీటను లాగుతుంది, మీట రాడ్‌ను నెడుతుంది, రాడ్ ప్రెజర్ ప్లేట్‌ను స్ప్రింగులకు ఎదురుగా లేపుతుంది. వేలి నుంచి ప్లేటు దాకా ఇంత దారి ఉంది కాబట్టి తేడా ఎక్కడైనా రావచ్చు.

ముందు జబ్బు ఏ రకమో తేల్చుకోవాలి. క్లచ్ జారడం ఒకటి, వదలకపోవడం మరొకటి. ఇవి ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. ఒకదానికి చేసే మందు రెండోదాన్ని ముదరబెడుతుంది.

జారే క్లచ్ టాప్ గేరులో, ముఖ్యంగా ఘాట్ ఎక్కేటప్పుడు బయటపడుతుంది. యాక్సిలరేటర్ తిప్పితే ఇంజిన్ మోత పెరుగుతుంది కానీ వేగం పెరగదు. కిక్ కొట్టినా తెలిసిపోతుంది. ఈ బండిలో కిక్ బలం క్లచ్ మీదుగానే ఇంజిన్‌కు చేరుతుంది కాబట్టి, క్లచ్ జారితే పిస్టన్ కంప్రెషన్‌కు వచ్చిన చోట కిక్ ఎదురు లేకుండా మెత్తగా దిగిపోతుంది. అలా కాకుండా టక్కుమని చప్పుడు చేస్తూ కిక్ ఎగిరితే లోపం క్లచ్‌ది కాదు, కిక్ పళ్లది. ఈ తేడా గమనించక మంచి ప్లేట్లను తీసి పారేసిన సందర్భాలు తక్కువేం కాదు.

క్లచ్ వదలకపోతే లక్షణాలు వేరు. లివర్ పూర్తిగా నొక్కి ఫస్ట్ గేరు వేసినా బండి ముందుకు పాకుతుంది. గేరు పడేటప్పుడు కరకరమంటుంది. ఇంజిన్ నడుస్తుండగా న్యూట్రల్ దొరకదు. పాత బుల్లెట్‌లో మడమతో నొక్కే న్యూట్రల్ ఫైండర్ ఉంటుంది. ఫస్ట్ తప్ప ఏ గేరులో ఉన్నా నేరుగా న్యూట్రల్‌కు తెచ్చే ఈ సౌకర్యం క్లచ్ లోపాన్ని చాలాకాలం దాచేస్తుంది. అందుకే పరీక్షించేటప్పుడు మామూలు గేరు లివర్‌తోనే న్యూట్రల్ వెతకాలి. రాత్రంతా నిలిపి ఉంచిన బండిలో ఆయిల్‌కు ప్లేట్లు అంటుకోవడం మాత్రం సహజం. స్టార్ట్ చేయకముందే లివర్ నొక్కి పట్టి రెండు మూడు సార్లు కిక్ దించితే విడిపోతాయి, అది మరమ్మతు చేయాల్సిన విషయం కాదు.

ఇప్పుడు కేబుల్. లివర్‌లో కూర్చునే గుండ్రటి నిపుల్‌ను దగ్గరగా చూడాలి. లివర్ కదిలినప్పుడల్లా అది తన గుంటలో స్వేచ్ఛగా తిరగాలి. తుప్పు పట్టి బిగుసుకుంటే దాని మొదట్లో తీగ ప్రతిసారీ ఒకేచోట వంగుతుంది. మొదట ఒక్క పోగు తెగి వెంట్రుకలా బయటికి లేస్తుంది, ఆపైన ఒక్కొక్కటిగా మిగతావీ తెగుతాయి. లేచిన పోగు కనిపించిన రోజే కేబుల్ మార్చేయాలి. ఆ తర్వాత హ్యాండిల్‌ను ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పుతూ లివర్ వదులును గమనించాలి. వదులు మారుతుంటే కేబుల్ దారి సరిగా లేదని అర్థం, ట్యాంకు కిందో స్టీరింగ్ దగ్గరో నొక్కుకుంటోంది.

లివర్ దగ్గర 2 నుంచి 3 మిల్లీమీటర్ల వదులు ఉండాలి. అసలు లేకపోతే రాడ్ ఎప్పుడూ ప్రెజర్ ప్లేట్‌ను కాస్త లేపే ఉంచుతుంది, క్లచ్ జారుతుంది. మరీ ఎక్కువుంటే ప్లేట్లు పూర్తిగా విడవవు. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు కేబుల్ అడ్జస్టర్ ఒక్కటే తిప్పి సరిపెట్టడం. సరైన వరుస ఇది: ముందు కేబుల్‌ను పూర్తిగా వదులు చేయాలి. గేర్‌బాక్స్ మీదున్న చిన్న మూత తీసి, లోపలి స్క్రూ లాక్‌నట్ సడలించి, స్క్రూ రాడ్‌కు తగిలేదాకా మెల్లగా బిగించాలి. తగిలాక కొద్దిగా వెనక్కి తిప్పి లాక్‌నట్ బిగించాలి. ఆ తర్వాతే కేబుల్ అడ్జస్టర్‌తో లివర్ వదులును కుదర్చాలి. ఇంజిన్ బాగా వేడెక్కాక మరోసారి చూడాలి. చల్లగా ఉన్నప్పుడు కనిపించిన వదులు వేడిలో మాయమైతే సర్దుబాటు ఇంకా కుదరలేదన్నమాట.

ఆయిల్ విషయంలో జరిగే నష్టం ఇంకా ఎక్కువ. కార్ల కోసం చేసిన కొన్ని ఆయిళ్లలో రాపిడి తగ్గించే పదార్థాలు కలుపుతారు. రాపిడి మీదే బతికే క్లచ్‌కు అవి పడవు. తడి క్లచ్ ఉన్న మోటార్‌సైకిళ్లకు సరిపోతుందని జాసో ఎంఏ గుర్తు ఉన్న ఆయిలే వాడాలి, అదీ కేసు మీదున్న లెవల్ స్క్రూ దాకానే. చిక్కటి ఆయిల్ పోస్తే ప్లేట్లు విడవవు. పోసినదానికన్నా మట్టం పెరుగుతుంటే ఇంజిన్ ఆయిల్ సీలు దాటి చైను కేసులోకి వస్తోందేమో చూడాలి. సీలు మార్చకుండా ప్లేట్లు మార్చడం దండగ.

ఇవన్నీ సరిగా ఉండి కూడా జబ్బు పోకపోతేనే కేసు విప్పాలి. ఎడమ ఫుట్‌రెస్టు, బ్రేకు పెడల్ తప్పించి, కింద ట్రే పెట్టి, మధ్యనున్న ఒక్క నట్ విప్పితే మూత వచ్చేస్తుంది. ప్లేట్లు తీయడానికి తొందరపడకుండా ముందు ఒకరు లివర్ నొక్కి పట్టాలి, ఇంకొకరు ప్రెజర్ ప్లేట్‌ను గమనించాలి. అది అన్ని వైపులా సమంగా లేవాలి. ఒక పక్క ఎక్కువగా లేస్తే ఏదో స్ప్రింగు అలసిపోయింది. అలాంటప్పుడు ఒక్కటి కాదు, మొత్తం సెట్టు మార్చాలి.

ప్లేట్లు బయటికి తీశాక స్టీలు ప్లేట్లను మందపాటి అద్దం మీద పరిచి ఫీలర్ గేజ్‌తో వంకర చూడాలి. వేడికి నీలం రంగు తిరిగి వంకరపోయినవి పనికిరావు. లైనింగు ఉన్న ప్లేట్లు అద్దంలా మెరిసిపోతుంటే పైపొర గరుకు కాగితంతో తేలికగా తీసి వాడుకోవచ్చు, అరిగి పలచబడితే కొత్తవి వేయాల్సిందే. క్లచ్ హౌసింగ్ గాడుల్లో ప్లేట్ల చెవులు కొట్టిన గంట్లు కూడా ఉంటాయి. ప్లేటు ఆ గంట్లో చిక్కుకుంటే పక్కకి జరగదు, ఎన్ని కొత్త ప్లేట్లు వేసినా క్లచ్ వదలదు. గంట్లు లోతుగా లేకపోతే సన్నటి ఆకురాయితో అంచులు చదును చేస్తారు, లోతుగా ఉంటే హౌసింగ్ మార్చడం మేలు. హౌసింగ్‌ను పట్టుకుని ఊపితే బాగా ఊగుతోందా? అయితే దాని బేరింగు అరిగింది.

మూత తెరిచి ఉండగానే ప్రైమరీ చైను వదులూ చూడాలి. మధ్యలో పైకీ కిందికీ దాదాపు 6 మిల్లీమీటర్లు కదలాలి. చైను అన్నిచోట్లా ఒకేలా అరగదు కాబట్టి ఇంజిన్‌ను తిప్పుతూ నాలుగైదు చోట్ల కొలిచి, అన్నిటికన్నా బిగువుగా ఉన్న చోటును లెక్కలోకి తీసుకోవాలి. చైను మరీ వదులైనా బండి కదిలేటప్పుడు కుదుపు వస్తుంది, దాన్ని చాలామంది క్లచ్ మీదికే నెడతారు. కొత్త ప్లేట్లు వేస్తే బిగించే ముందు ఆయిల్‌లో నానబెట్టాలి. కొంత దూరం తిరిగాక అవి సర్దుకుంటాయి, అప్పుడు లివర్ వదులు మళ్లీ కొలిచి సరిచేయాలి.