నడకే దస్తావేజు

పిల్లల దగ్గరికని ఇంగ్లండ్ వెళ్లే మనవాళ్లు చాలామంది లండన్ వంతెనలూ కోటలూ చూసి తిరిగొచ్చేస్తారు. ఒక్క రోజు వీలు చేసుకుని ఆ దేశపు పల్లెల్లో కాలినడకన తిరిగితే తెలిసే సంగతులు వేరు.

అన్నిటికన్నా పెద్ద విశేషం కాళ్ల కిందే ఉంటుంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో కలిపి జనానికి చట్టబద్ధమైన హక్కు ఉన్న దారులు సుమారు 2,25,000 కిలోమీటర్లు. వీటిలో చాలా భాగం సొంత భూముల్లోంచే పోతుంది. గోధుమ చేను మధ్యలోంచి, గొర్రెల బీడు మీదుగా, ఒక్కోచోట ఎవరి ఇంటి పెరటి పక్కనుంచో. ఎవరినీ అడగక్కర్లేదు, టిక్కెట్టు లేదు. గేటు స్తంభం మీద పసుపు బాణం ఉంటే అది కాలిబాట. నీలం బాణం ఉంటే గుర్రాలు, సైకిళ్లు కూడా వెళ్లొచ్చు.

ఈ హక్కు ఎలా పుడుతుందో తెలుసా? నడవడం వల్లే. జనం ఒక దారిని బాహాటంగా, ఎవరి అనుమతీ తీసుకోకుండా, అడ్డూ ఆపూ లేకుండా 20 ఏళ్లు వాడుకుంటే, దాన్ని ప్రజలకు ఇచ్చే ఉద్దేశం తనకు లేదని యజమాని రుజువు చేయలేకపోతే, అది ప్రజల దారే. 1980 నాటి రహదారుల చట్టంలో ఉన్న మాట ఇది. ఆ తర్వాత ఎన్నేళ్లు గడ్డి మొలిచి మూసుకుపోయినా హక్కు దానంతట అది పోదు.

చేనుకు అడ్డంగా పోయే కాలిబాటను రైతు దున్నుకోవచ్చు. కానీ విత్తడానికి దున్నితే 14 రోజుల్లోగా మళ్లీ దారి కనబడేలా, కనీసం మీటరు వెడల్పున నడవడానికి వీలుగా చెయ్యాలి. గట్టు వెంట పోయే బాట జోలికి నాగలి రానే రాకూడదు. ఆబోతుల సంగతి కూడా చట్టంలో ఉంది! పది నెలలు దాటిన పాడి జాతి ఆబోతును కాలిబాట పోయే పొలంలో వదలకూడదు. మిగతా జాతులవైతే ఆవులతోనో పెయ్యలతోనో కలిపి వదలొచ్చు. నడిచేవాడి ప్రాణం గురించి, రైతు బతుకు గురించి ఒకేసారి ఆలోచించి రాసిన చట్టం కాబట్టే నాకు దాని మీద గౌరవం.

అయితే కొండల మీద తిరిగే హక్కు అంత తేలిగ్గా రాలేదు. మాంచెస్టర్ దగ్గరి కిండర్ స్కౌట్ కొండను అప్పట్లో జమీందార్లు పక్షుల వేట కోసం మూసి ఉంచారు. 1932 ఏప్రిల్ 24న కొన్ని వందల మంది ఆ కొండెక్కారు. వాళ్లను నడిపించిన బెన్నీ రోత్‌మన్‌కు అప్పటికి ఇరవై ఏళ్లే. అయిదుగురు యువకులకు రెండు నుంచి ఆరు నెలల జైలు పడింది. 1951లో దేశంలోనే మొదటి జాతీయ ఉద్యానవనంగా ప్రకటించిన పీక్ డిస్ట్రిక్ట్‌లో ఆ కొండా ఉంది. 2002లో, డెబ్బై ఏళ్ల తర్వాత, ఆనాటి భూస్వామి మనవడైన డెవన్‌షైర్ డ్యూక్ అందరి ముందూ క్షమాపణ చెప్పాడు.

ఒక్క రోజే ఉంటే ఎక్కడ నడవాలని ఎవరైనా అడిగితే లేక్ డిస్ట్రిక్ట్‌లో గ్రాస్మియర్ నుంచి రైడల్ దాకా అంటాను. కొండవాలు వెంట సుమారు నాలుగు కిలోమీటర్లు. దాని పేరే శవపేటికల దారి. రైడల్ వైపు ఊళ్లలో ఎవరైనా పోతే, పూడ్చే హక్కున్న చర్చి గ్రాస్మియర్‌లోనే ఉండేది కాబట్టి, భుజాల మీద మోసుకుంటూ ఈ బాటనే వచ్చేవారు. దారి పక్కన చదునైన పెద్ద బండ ఒకటి ఇప్పటికీ ఉంది. మోసేవాళ్లు పేటికను దాని మీద దింపి ఊపిరి పీల్చుకునేవారు. మన దింపుడు కళ్లం గుర్తుకు రాక మానదు, అక్కడ దింపడం అలుపు తీర్చుకోవడానికే అయినా.

ఈ బాటకు ఒక కొసన కవి వర్డ్స్‌వర్త్ 1799 నుంచి 1808 దాకా ఉన్న ఇల్లు, రెండో కొసన 1813 నుంచి చనిపోయేదాకా ఉన్న ఇల్లు. జీవితకాలంలో ఆయన 1,75,000 మైళ్లకు పైగా నడిచి ఉంటాడని స్నేహితుడు డీక్విన్సీ లెక్క కట్టాడు.

అంతకు ముందు తరం యాత్రికులు ఇక్కడికొచ్చి కొండలకు వీపు తిప్పి నిలబడేవారు! చేతిలో రంగు వేసిన చిన్న కుంభాకార అద్దం పట్టుకుని, అందులో పడే కొండల నీడను చూసి మురిసేవారు, బొమ్మ గీసినట్టు ఉంటుందని. 1769లో కవి థామస్ గ్రే ఇలాగే అద్దంలోకి చూస్తూ వెల్లకిలా పడ్డాడు. వేళ్ల కణుపులు మాత్రమే దెబ్బతిన్నాయి.

కొండల మీద గీతలు గీసినట్టు కనిపించే రాతి గోడల్లో సున్నం లేదు, సిమెంటు లేదు. ఒకదాని దగ్గర ఆగి చూడండి. నిజానికి అవి రెండు గోడలు, పైకి పోయేకొద్దీ దగ్గరవుతాయి. మధ్యలో చిన్న రాళ్లు కూరుతారు. అక్కడక్కడా ఈ ముఖం నుంచి ఆ ముఖం దాకా పొడవాటి రాయి పెట్టి రెంటినీ పట్టి ఉంచుతారు. కొన్నిచోట్ల అడుగున గొర్రె దూరేంత కంత వదులుతారు.

ఆ గొర్రెలు హెర్డ్‌విక్ జాతివి. పుట్టినప్పుడు నల్లగా ఉండి, ఏళ్లు గడిచేకొద్దీ బూడిద రంగుకు తిరుగుతాయి. పై కొండల మీద కంచె ఉండదు. అయినా ఏ మందా తన హద్దు దాటదు. ఆ హద్దు పిల్లకు తల్లే నేర్పుతుంది. అందుకే పొలం చేతులు మారినా మందను అక్కడే ఉంచుతారు. పిల్లల కథల రచయిత్రి బియట్రిక్స్ పాటర్ పుస్తకాల సొమ్ముతో ఇక్కడ పొలాలు కొని ఈ గొర్రెలనే పెంచింది. 1943లో చనిపోతూ 14 పొలాలను, 4,000 ఎకరాలకు పైగా భూమిని నేషనల్ ట్రస్ట్ అనే సంస్థకు రాసిచ్చింది, మందలు ఆ జాతివే ఉండాలని కోరుతూ.

నడక రైడల్‌లో ముగించండి. గ్రాస్మియర్‌కు వెనక్కి 555 నంబరు బస్సు ఉంది. అక్కడ చర్చి పక్కనే, 1854లో సారా నెల్సన్ అనే వంటావిడ మొదలుపెట్టిన అల్లం రొట్టె ఇప్పటికీ చిన్న కొట్టులో అమ్ముతున్నారు.