బిడ్డ ఎదుగుదల: ఎంతవరకు ఓర్చుకోవాలి, ఎప్పుడు మేలుకోవాలి?

ఆదివారం ఆరాధన ముగిసి గుడి ముంగిట నలుగురు తల్లులు చేరితే మాట పిల్లల మీదికే మళ్లుతుంది. "మావాడు పదో నెలకే నడిచాడు. మీ పాపకింకా అడుగు పడలేదా?" అని ఒకరు అంటారు. అన్నవారు మరచిపోతారు గాని, విన్న తల్లికి ఆ రాత్రి నిద్ర పట్టదు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుండి విశాఖ రేవులోనో, ఉక్కు కర్మాగారంలోనో పనికి వచ్చి గాజువాక, మల్కాపురం వంటి చోట్ల కాపురముంటున్న కుటుంబాలలో ఈ బెంగ మరీ ఎక్కువ. ధైర్యం చెప్పే అమ్మమ్మ, నాయనమ్మ ఊళ్లోనే ఉండిపోతారు.

మన పెద్దలు బిడ్డ ఎదుగుదలను వేడుకలతో గుర్తు పెట్టుకున్నారు. బోర్లాపడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, అడుగులకు అరిసెలు, పలుకులకు పంచదార చిలకలు పంచారు. ఏది వచ్చినా సంతోషించారు గాని, ఫలానా నాటికే రావాలని తేదీ పెట్టలేదు.

వైద్యులు చెప్పేదీ ఇంచుమించు అదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ఢిల్లీతో సహా ఐదు దేశాలలో ఆరోగ్యవంతులైన పిల్లలను పరిశీలించి 2006లో ఫలితాలు ప్రకటించింది. ఆసరా లేకుండా కూర్చోవడం సుమారు 4 నుండి 9 నెలల మధ్య, ఒంటరిగా నడవడం సుమారు 8 నుండి 17½ నెలల మధ్య వచ్చింది. నూటికి నలుగురు చేతులు, మోకాళ్ల మీద పాకకుండానే నడక నేర్చారు. కనుక పక్కింటి బిడ్డతో పోల్చి దిగులు పడనక్కరలేదు. నెలలు నిండకముందే పుట్టిన బిడ్డకైతే, రెండేళ్ల వరకు, కాన్పు కావలసిన తేదీ నుండి వయసు లెక్కించాలి.

అయితే ఓర్పుకు హద్దు ఉంది. ఏడాది దగ్గరపడినా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోయినా, ఏడాదిన్నర నిండినా నడవకపోయినా, కావలసినదాన్ని వేలితో చూపకపోయినా, రెండేళ్లకు "అమ్మా, పాలు" అని రెండు మాటలు కలపకపోయినా వైద్యునికి చూపించాలి. వచ్చిన మాట, నేర్చిన పని పోతే ఏ వయసులోనైనా ఆలస్యం చేయరాదు.

"వాళ్ల నాన్నకూ మాటలు ఆలస్యమే" అని సరిపెట్టుకోవద్దు. మాట రాని బిడ్డకు మొదట వినికిడి పరీక్ష చేయించాలి. చెవికి అందని మాట నోటికి ఎలా వస్తుంది? లోపం ఎంత త్వరగా తెలిస్తే వినికిడి యంత్రం, మాట నేర్పే శిక్షణ అంత బాగా పనిచేస్తాయి.

ఇందుకు పెద్ద ఖర్చు అక్కరలేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలలో ఆరేళ్ల లోపు పిల్లలను ఉచితంగా పరీక్షిస్తారు. ఎదుగుదలలో ఆలస్యం కనిపెట్టడం కూడా ఆ పరీక్షలో భాగమే. విశాఖలో 1923 నుండి సేవచేస్తున్న కింగ్ జార్జ్ ఆసుపత్రిలో పిల్లల వైద్య విభాగం ఉంది.

ఇంట్లో చేయవలసినది మాటలాడటం. అన్నం పెడుతూ, స్నానం చేయిస్తూ బిడ్డ ముఖం చూసి కబుర్లు చెప్పండి. షిఫ్టు దిగి వచ్చిన తండ్రి కూడా పది నిమిషాలు బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకోవాలి. చేతికి ఫోను ఇచ్చి ఊరుకోబెట్టవద్దు. టీకాలకు ఇచ్చే తల్లీబిడ్డల రక్షణ కార్డులో ఏ వయసుకు ఏం చేయాలో బొమ్మలతో ఉంటుంది. ఈ వారమే ఆ కార్డు తీసి, భార్యాభర్తలిద్దరూ కలిసి చూడండి.