మడినిండా చెత్త వేస్తే మొక్క ఎలా బతుకుతుంది?

మిద్దె మీద 4 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు మడి కట్టారనుకోండి. నింపడానికి 24 ఘనపుటడుగుల మట్టి కావాలి. కొనాలంటే ఖర్చు, మోయాలంటే బరువు. అందుకే అడుగున కొబ్బరి డొక్కలు, ఎండు పుల్లలు, వాటిపైన ఎండుటాకులు, కూరగాయల తొక్కలు, కాస్త పేడ వేసి, పైన జానెడు మట్టి పరుస్తారు. పాలకూర, మెంతికూర వేళ్లకు ఆ జానెడు చాలు.

మరి కింది చెత్త ఏమవుతుంది? ఇడ్లీపిండిని పులియబెట్టినట్టే, ఇక్కడా కంటికి కనిపించని సూక్ష్మజీవులు పని మొదలుపెడతాయి. వాటికి నత్రజని కావాలి. అది ఎండుటాకుల్లో తక్కువ, పచ్చి తొక్కల్లో, పేడలో ఎక్కువ. అందుకే రెండూ కలిపి వేయాలి. ఎండుపుల్లల ముక్కల్ని పైమట్టిలో కలిపితే మాత్రం సూక్ష్మజీవులు మొక్కకు చెందాల్సిన నత్రజనిని లాగేసుకుంటాయి, ఆకులు పసుపెక్కుతాయి.

కొన్ని నెలలకు మడి కుంగుతుంది. భయపడకండి! చెత్తలో చాలా భాగం కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలో కలిసిపోయింది, మిగిలింది నల్లటి ఎరువు. పైన ఇంకాస్త మట్టి, ఎరువు వేస్తే సరి.

వండిన అన్నం, మాంసం వేయకండి, ఎలుకలు వస్తాయి. మీ వీధిలో ఎవరైనా రాలిన ఆకుల్ని తగలబెట్టబోతే, ఆపి ఒక గోనెసంచెడు అడిగి తెచ్చుకోండి.